మత్తుమందులు: ఇంట్లోవారు గమనించవలసిన గుర్తులు



మత్తుమందు అనగానే చాలామంది "అది పట్నం వాళ్ల సంగతి, మా ఇంట్లో అలాంటివి లేవు" అంటారు. కానీ మత్తు గంజాయితో మాత్రమే రాదు. దగ్గుమందు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్, రాత చెరిపే వైట్‌నర్ కూడా మత్తుకోసం వాడుతున్నారు. కాబట్టి ఈ గుర్తులు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

మొదట మారేది నడవడి

పాత స్నేహితులను వదిలేసి, ఇంటికి తీసుకురాని కొత్తవారితో తిరుగుతాడు. రాత్రంతా మేలుకొని పగలు నిద్రపోతాడు. కాలేజీకని బయలుదేరి అక్కడికి వెళ్లడు. స్నానం, శుభ్రత పట్టించుకోడు. చిన్నమాటకే మండిపడతాడు. ఇంట్లో డబ్బు, వస్తువులు మాయమవుతుంటాయి. ఆడపిల్లల్లోనూ ఈ మార్పులు రావచ్చు.

ఏ మందుకు ఏ గుర్తు?

గంజాయి: కళ్లు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది, వేళకానివేళ విపరీతమైన ఆకలి వేస్తుంది. బట్టలకు కాలిన ఆకు వాసన ఉంటుంది. జేబులో పల్చని చుట్టుకాగితాలు దొరుకుతాయి. కొందరు "నన్నెవరో వెంబడిస్తున్నారు" అంటారు, లేని మాటలు వింటారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ నెలలు పోగొట్టుకోకండి.

నిద్రమాత్రలు: మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, కానీ నోట్లో సారా వాసన ఉండదు. పరుపు కింద ఖాళీ స్ట్రిప్పులు దొరుకుతాయి.

కోడీన్ ఉన్న దగ్గుమందు, మత్తునిచ్చే నొప్పిమందులు, హెరాయిన్: కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. కూర్చున్నచోటే తూగుతాడు. మందు దొరకని రోజున ముక్కు కారడం, ఆవులింతలు, ఒళ్లునొప్పులు, విరేచనాలు. సూది వేసుకునేవారు ఎండాకాలంలోనూ నిండుచేతుల చొక్కా విప్పరు. ఒకే సూది పంచుకుంటే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి సోకుతాయి.

సొల్యూషన్, వైట్‌నర్: మూతి చుట్టూ పుండ్లు, ఊపిరిలో ఘాటైన రసాయనపు వాసన, జేబులో తడిగుడ్డ. మొదటిసారి పీల్చినవారికే గుండె ఆగిపోయే ప్రమాదముంది.

ఒక్క గుర్తు చూసి నేరం మోపకండి. బరువు తగ్గడం క్షయవల్ల, షుగరువల్ల కూడా కావచ్చు. మూడు నాలుగు గుర్తులు కలిసి కనిపిస్తే డాక్టరుకు చూపించండి. అవసరమైతే మూత్రపరీక్ష చేస్తారు.

మీరు చేయవలసినవి

మత్తులో ఉన్నప్పుడు వాదించకండి. మత్తు దిగాక, నలుగురిలో కాకుండా, నెమ్మదిగా అడగండి. కొట్టకండి, గదిలో బంధించకండి. "పెళ్లి చేస్తే దారికొస్తాడు" అని మరో ఇంటి ఆడపిల్లను ఈ కష్టంలోకి తీసుకురాకండి.

ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి. అలవాటుపడిన నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. తెలంగాణలో 2015లో మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకపోయేసరికి ఎంతోమంది ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

పోలీసు కేసవుతుందని భయపడి దాచకండి. మత్తుమందుల చట్టం 1985లోనిది. వాడుక నేరం లేదా కొద్ది మొత్తం దగ్గరుంచుకున్న నేరం ఉన్న వ్యసనపరుడు, తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే, 64ఎ సెక్షన్ అతనికి విచారణ నుండి రక్షణ ఇస్తుంది. ఉచిత సలహాకు 14446కు ఫోన్ చేయండి.

పిలిచినా పలకకుండా, శ్వాస మందగించి, గురకలా వస్తూ, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకండి. దొరికిన స్ట్రిప్పు, సీసా ఆసుపత్రికి తీసుకురండి.

వ్యసనం ఒక జబ్బు. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు. అప్పుడు విసుగుకోకుండా మళ్లీ తీసుకురండి. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి లెక్కలు అడగలేదు, దూరాన కనబడగానే ఎదురు పరుగెత్తాడు. మీ బిడ్డ కోసం ప్రార్థన చేయండి, చికిత్స కూడా చేయించండి. రెండూ కావాలి.