టోకు ధర చౌకేనా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వితంతువుల ఇళ్లకు నెలనెలా ఇచ్చే బియ్యం గురించి రెండు మాటలు చెబుతాను. మూడేళ్ల కిందట హిందూపురంలో కొనేటప్పుడు నలభై బస్తాలు చాలునని కోశాధికారి సాబ్ అన్నారు. నూట ఇరవై తీసుకుంటే బస్తాకు 30 రూపాయలు తగ్గిస్తానని అంగడి సేటు అన్నాడు. లెక్కల అయ్యవారిని కదా, 3,600 మిగులుతుందని నోటితోనే గుణించి, నేనే పట్టుబట్టాను. రెండు నెలలకు ముక్కపురుగు పట్టింది. అది పోనీ. అదే నెలలో ఒక అమ్మాయి నర్సింగ్ ఫీజుకు సాయం అడిగితే పెట్టెలో పైసా లేదు. డబ్బంతా బియ్యమై గదిలో కూర్చుంది. చందాలు వేసి తెచ్చేలోగా గడువు దాటి, ఆ ఏడాది సీటు పోయింది.

అందుకే ఈసారి లెక్క పూర్తిగా చేసి తెచ్చాను. అంకెలు ఉదాహరణకే. బస్తా 1,200, ఏడాదికి 480 బస్తాలు అనుకుందాం. మూడు నెలలవి ఒకేసారి కొంటే తగ్గింపు 14,400. నెలనెలా బండి బాడుగ 1,200 చొప్పున 14,400 అవుతుంది. మూడు నెలలకొకసారి పెద్ద బండికి 2,400 చొప్పున 9,600. అక్కడ 4,800 ఆదా. మొత్తం 19,200 మిగిలింది. ఇక గది బాడుగ నెలకు 1,000 చొప్పున 12,000. ప్రతిసారీ రెండు బస్తాలు పాడైనా 9,360. చివరికి 2,160 నష్టం! ఎవరైనా గది ఊరికే ఇస్తే మాత్రం 9,840 లాభమే. టోకు తప్పని నేననడం లేదు.

1913లో అమెరికాలో ఫోర్డ్ విట్‌మన్ హ్యారిస్ అనే ఇంజనీరు ఫ్యాక్టరీల కోసం ఈ లెక్కకే సూత్రం కట్టాడు. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చు, సరుకు నిల్వ ఉంచే ఖర్చు, రెండూ కలిపి ఎక్కడ తక్కువో అంతే కొనమన్నాడు. నిల్వ ఖర్చులో సొమ్ముకు వడ్డీ కూడా వేశాడు. మనం వడ్డీ జోలికి పోము. మరి ఆ అమ్మాయి ఫీజును ఏ పద్దులో రాస్తాం? జకాత్ సొమ్ము అమానత్ కదా.

నా మనవి ఇది. సేటుతో ఏడాదికి 480 బస్తాల మాట ఖాయం చేసుకుని, తగ్గింపు ధర కాగితం మీద రాయించుకుందాం. సరుకు మాత్రం నెలనెలా దింపించుకుందాం. మధ్యలో రేటు పెరిగితే ఏమిటన్నదీ అందులోనే తేలాలి. ఒప్పుకోకపోతే కదిరి, పెనుకొండల్లో ఇలాగే బియ్యం పంచేవాళ్లను కలుపుకుని అడుగుదాం. రంజాన్ ఖర్జూరం సంగతి వేరు. అది ఒక్క నెల సరుకు, ఒకేసారి కొనాల్సిందే.

మూడు అంగళ్లలో ధరలు విచారించే పని నాకివ్వండి. పురుగు పట్టిన బియ్యం జల్లెడ పట్టిందీ నేనే.