విటుడు ఎక్కడ?



"వ్యభిచార గృహంపై దాడి" అన్న వార్తలో మనకు కనిపించేదెవరు? చున్నీతో ముఖం కప్పుకున్న స్త్రీలు. విటుడు చాలాసార్లు ఒక అంకె మాత్రమే.

మన భాషా అంతే. "చెడిపోయింది" అంటే ఆడదే. మగవాడికి "తిరుగుబోతు" అన్న మాట ఉంది గాని, అందులో తిట్టు కన్నా మురిపెం ఎక్కువ. పెళ్ళయితే దారికొస్తాడంటారు. (ఆ దారికి తెచ్చే పనీ ఇంకో ఆడపిల్లదే!) డబ్బిచ్చాడు గనుక ఆమె దేనికీ కాదనకూడదన్నది అతని నమ్మకం. లోకం దాన్ని తప్పు పట్టదు.

చట్టమూ ఈ చూపుకు దూరం కాదు. 1986లో సవరించిన పీటా చట్టం 8వ సెక్షన్ చూడండి. బహిరంగంగా విటుణ్ణి పిలిచిన స్త్రీకి మొదటిసారే 6 నెలల వరకు జైలు. అదే నేరం పురుషుడు చేస్తే 7 రోజుల నుంచి 3 నెలలు.

అయితే అతన్నీ జైల్లో పెట్టమందామా? స్వీడన్ 1999లో కొనేవాణ్ణే నేరస్థుణ్ణి చేసింది. మన దేశపు సెక్స్ వర్కర్ల సంఘాలు దీన్ని ఒప్పుకోవడం లేదు. విటుడు భయపడితే బేరం చీకట్లోకి పోతుంది, కండోమ్ గురించి గట్టిగా మాట్లాడే వ్యవధి కూడా ఆమెకు మిగలదు అంటాయి. నాకు ఆ మాటే సబబనిపిస్తోంది. కండోమ్ వద్దని పేచీ పెట్టేది అతను, పోలీసులు వెతికేది ఆమె సంచీ.

2022 మేలో సుప్రీంకోర్టు కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూడరాదనీ, దాడుల్లో దొరికిన సెక్స్ వర్కర్ల ఆనవాళ్ళు పత్రికల్లో రాకూడదనీ ఆదేశించింది. ఆ ఆదేశాల ప్రతి పట్టుకుని ముందు మీ ఊరి స్టేషన్‌కి, తర్వాత విలేకరుల దగ్గరికి వెళ్ళండి.