మా తాతగారి నీటిబాకీ



కూచిపూడి యనగానే మీకు నాట్యము జ్ఞప్తికి వచ్చును. నేను నేడు చెప్పబోవునది ఆ గ్రామమునందే డెబ్బదియారేండ్లు బ్రదికిన యొక కర్షకునిగూర్చి. వారు మా తండ్రిగారి తండ్రి. 1908లో జన్మించి 1984లో గతించిరి. వారి పేరు ఏ పత్రికయందును అచ్చుకాలేదు. అయినను గ్రామములందు నీటి తగవులు తీర్చు మీవంటి పెద్దలకు వారి కథ పనికివచ్చునని తలచి చెప్పుచున్నాను.

తాతగారు పొట్టివారు, చామనచాయ. మోకాళ్లపైకి కట్టిన పంచె, తలకు చుట్టిన తుండుగుడ్డ, భుజముపై పార - ఇదియే వారి వేషము. తెల్లవారకమునుపే పోయి చేని గట్టు చుట్టి వచ్చినగాని పచ్చిమంచినీళ్లయినను ముట్టెడివారు కారు. వరి కోతకు రెండుమూడు దినములు ముందు మినుము వెదజల్లుటకు పదును చూడవలసివచ్చినప్పుడు చుట్టుపట్ల రైతులందఱును వారి పాదములవంక చూచెడివారు. వారు చెప్పులు విడిచి చేనిలో నాలుగడుగులు నడచి, “రేపు చల్లుకోండి” అన్నచో, మరునాడు అందఱును చల్లెడివారు.

భాగవతులన్న వారికి మిక్కిలి గౌరవము. భామాకలాపము ఆడునాడు తప్పక ముందు వరుసలో కూర్చుండెడివారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషముతో తెరమీద జడ వేయు ఘట్టము వచ్చినప్పుడు చిన్నపిల్లవానివలె సంతసించెడివారు. కాని ఆ రాత్రి నీటివంతు ఉన్నచో, జడ చూచి, భామ పలుకులు వినకయే లేచి చేనికి పోయెడివారు.

నీటి మాట వచ్చినది గనుక కొంచెము వెనుకకు పోవుదము. 1832-33లో వచ్చిన నందననామ సంవత్సరపు కఱవు గుంటూరు సీమను పాడుచేసినది. నాటి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. దానివలన మా సీమ మాగాణి అయ్యెను. అయితే ఆనకట్ట నీటిని కాలువలకు మళ్లించునేగాని విశేషముగా నిలువచేయదు. ఏటికి నీరు వచ్చిననే కాలువకు నీరు. ప్రకాశము బ్యారేజి 1957లోను, నాగార్జునసాగరపు నీరు 1967లోను వచ్చువఱకు మా రైతులు ఆకాశమును, ఏటిని రెంటిని చూచుచు బ్రదికిరి.

మా చేను బోదెకు నడుమనున్నది. మాకు క్రింద శివారున మఱి నాలుగైదు కమతములు కలవు. వంతు మనదైనను తాతగారు ముందుగా శివారు చేలకు నీరు వదలి, అవి తడిసిన పిమ్మటనే మా మడికి మళ్లించెడివారు. ఇది మా యింట నెవ్వరికిని సరిపడెడిది కాదు. “ఊరికి ఉపకారి, ఇంటికి అపకారి” అని మా నాయనమ్మ దెప్పెడిది. తాతగారు బదులు పలికెడివారు కారు.

1972లో దేశమున పెక్కుచోట్ల వానలు తప్పెను. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. మా బోదెలోనికి నీరు సన్నగా వచ్చుచుండెను. మా ఊడ్పుచేను నెఱ్ఱెలు వాఱుచుండగా శివారు చేలు తడిగానుండుట చూచి ఓర్వలేకపోతిని. ఒకనాటి అర్ధరాత్రి పార పట్టుకొని, శివారుకు పోవు తూము మూసి నీటిని మా మడికి మళ్లింపవలెనని పోతిని. తూముమీద చుట్ట నిప్పు కనబడెను. తాతగారే!

నన్ను తిట్టలేదు. “కూర్చోరా అబ్బాయీ” అనిరి. పిమ్మట వారు చెప్పినది వారి పలుకులలోనే వినుడు.

“నాకు ఇరవైరెండేళ్లప్పుడు నేనూ ఇట్లాగే పార తీసుకుని వచ్చాను. రెండు రాత్రులు నీళ్లు మన చేలోకి తిప్పాను. మన చేను పండింది. శివారు ఆయన నారు మడిలోనే ఎండిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదురా. ఆ సంక్రాంతికి ఎద్దుల జత అమ్ముకున్నాడు. వాటిని మన వీధిలోంచే తోలుకుపోయారు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి.”

“ధాన్యం ఇవ్వకపోయావా తాతా?” అని అడిగితిని.

“ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. నీళ్లు బాకీపడితే నీళ్లే తీర్చాలన్నాడు. అప్పటినుంచీ తీరుస్తున్నా.”

“ఇంకా తీరలేదా?”

తాతగారు కొంతసేపు చుట్ట కాల్చిరి. “ఆయన పోయి ఇరవైయేళ్లయింది. తీరిందని చెప్పేవాడు లేడుగా!” అనిరి.

ఆ యేడు మా చేను సగమే పండెను. ఆ సంవత్సరమంతయు ఇంట పొదుపుగా గడపవలసివచ్చెను. కాని ఆ రాత్రి పిమ్మట తూము మూయవలెనను కోరిక నాకు కలుగలేదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టపెట్టుకొన్నది. గాలికి మాకును నష్టము కలిగెనుగాని సముద్రపునీరు మా యూరివఱకు రాలేదు. మరుసటి యేడు నారుపోయు వేళకు తాతగారు గాదె తెఱచి, విత్తనపు వడ్లు బస్తాలకెత్తించి, తామెన్నడును చూడని దివిసీమ రైతులకు పంపిరి. “మనకున్నదే స్వల్పము గదా” యని మా తండ్రిగారనగా, “కృష్ణ నీళ్లకి శివారు అదేగా” అని మాత్రము పలికిరి.

2015 నుండి పట్టిసీమ యెత్తిపోతలవలన గోదావరి నీరును కృష్ణకు చేరుచున్నది. ఏటికి ఏరు తోడైనను, బోదె చివరనున్న రైతు ఈనాడును పైచేనివంక చూచుచునే యున్నాడు. తూము మూయు చేయి ఇరుగుపొరుగు వానిదే గదా! తగవు మీ యొద్దకు వచ్చినప్పుడు, ఎవని వంతు ఎన్ని గంటలని లెక్కించుటతోపాటు, చివరి మడి తడిసినదో లేదో ఒకమాఱు నడచి చూడుడని నా మనవి.

వయసు మీఱుటచే నేను చేను కౌలుకిచ్చితిని. కౌలుదారు చిన్నవాడు. మక్తాలో కొంత తగ్గించి యొక్క షరతు పెట్టితిని: శివారు తడిసిన పిమ్మటనే మన మడి. అతడు నవ్వి, “ఎన్నాళ్లండీ?” అని అడిగెను. తాతగారు తూముమీద కూర్చుండి నాకు చెప్పిన మాటయే అతనికిని చెప్పితిని.

సెలవు.