కొండ వెనక పొద్దు, కొండ మీద నెలవంక
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్‌తో ఫొటోలు తీయడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఫోన్ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని ఒక్క పని గురించే మాట్లాడతాను. పొద్దు గూకడాన్ని, అమావాస్య దాటాక పడమట కనిపించే లేత నెలవంకను ఫొటో తీయడం. ఎలా తీయాలో ముందు చెప్తాను, మనమే ఎందుకు తీయాలో తర్వాత చెప్తాను.

మన అనకాపల్లి జిల్లాకు సముద్రం తూర్పు వైపు ఉంది. పూడిమడక వాళ్లకు పొద్దు నీళ్లలోంచి పొడుస్తుంది. గూకేది మాత్రం కొండల వైపే. మాడుగుల, రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల్లో కొండ కింద ఊళ్లలో ఉన్నవాళ్లకు సాయంత్రం ఆకాశం గుమ్మంలోనే ఉన్నట్టు.

అయితే కొండ ఉన్నచోట ఒక చిక్కు ఉంది. సూర్యాస్తమయం నవంబరు చివర్లో సుమారు 5.20కి, జూలై మొదట్లో సుమారు 6.38కి అవుతుంది. కొండ కింద ఊళ్లో పొద్దు అంతకంటే ముందే చాటుకు పోతుంది. ఎంత ముందో చేత్తోనే కొలవొచ్చు. చెయ్యి బారుగా చాపి పిడికిలి అడ్డంగా పెడితే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. మన ప్రాంతంలో సూర్యుడు అంత దిగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కొండ రెండు వేళ్ల ఎత్తు కనిపిస్తే పావుగంట ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంకో సంగతి. పొద్దు ఏడాది పొడుగునా ఒకే చోట గూకదు. అనకాపల్లి పట్నం నుంచి చూస్తే మార్చి, సెప్టెంబరు మూడో వారాల్లో దాదాపు నర్సీపట్నం దిక్కున గూకుతుంది. జూన్‌లో ఉత్తరానికి జరిగి రావికమతం దిక్కుకు, డిసెంబరులో దక్షిణానికి జరిగి నర్సీపట్నానికీ ఎలమంచిలికీ మధ్యకు పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 49 డిగ్రీలు, అంటే అయిదు పిడికిళ్లు. మీ ఊళ్లో ఒక రాయో, చెట్టో, రచ్చబండో గుర్తు పెట్టుకోండి. నెలకు ఒకసారి అక్కడే నిలబడి, జూమ్ మార్చకుండా, కొండ వరస మొత్తం వచ్చేలా ఒక ఫొటో తీయండి. ఏడాది తిరిగేసరికి 12 ఫొటోలు అవుతాయి. ఏ కొండ ఏ నెలదో అందులో కనిపిస్తుంది. అది మీ ఊరి క్యాలెండర్.

ఇక నెలవంక. తెలుగులో నెల అంటే చంద్రుడు, నెల అంటే మాసం కూడా. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29న్నర రోజులు. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడి దిక్కునే ఉంటాడు, కనపడడు. తర్వాత రోజుకు సుమారు 12 డిగ్రీలు సూర్యుడికి దూరం జరుగుతాడు. పాడ్యమి నాడు దొరకడం కష్టం, విదియ నాడు సాధారణంగా దొరుకుతాడు. పొద్దు గూకిన 20 నుంచి 40 నిమిషాల మధ్య, పొద్దు దిగిన చోటుకు పైన వెతకండి. లేత నెలవంక గంట, గంటన్నరలో తానూ దిగిపోతుంది. కొండ ఎత్తుగా ఉంటే అంతసేపు కూడా దొరకదు. అందుకే పడమర బాగా తెరిపిగా ఉన్న గట్టో, చెరువు ఒడ్డో చూసుకోవాలి. కొండకర్ల ఆవ లాంటి చోట నీళ్లలో రంగులు కూడా వస్తాయి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన దగ్గర నెలవంక వెల్లకిలా, దోనెలా కనిపిస్తుంది. సెప్టెంబరు వచ్చేసరికి పక్కకు ఒరిగిపోతుంది. ఈ తేడా కూడా ఫొటోల్లో పట్టండి.

ఫోన్‌లో చంద్రుడు చిన్న చుక్కలా పడతాడని చాలామంది విసుక్కుంటారు. నిజమే, చంద్రుడి వెడల్పు అర డిగ్రీయే. చాపిన చేతి చిటికెనవేలి గోరు చాటుకు పోతాడు. జూమ్ లాగితే ముద్ద అవుతుంది. లాగకండి. కింద కొండనో, జీలుగు చెట్టునో, తాటిచెట్టునో కలిపి తీయండి. తెరమీద వెలుగున్న చోట వేలు నొక్కి పట్టి, వెలుతురు కొంచెం తగ్గించండి. ఫోన్‌ను రాయికి ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. చెయ్యి వణుకు పడదు. మంచి కెమెరా, స్టాండు ఉంటే ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచండి. నెలవంక ఒడిలో మిగతా చంద్రుడు మసకగా పడతాడు. అది మన భూమి మీద పడిన ఎండ చంద్రుడి దాకా పోయి తిరిగొచ్చిన వెలుగు. 500 ఏళ్ల కిందట లియొనార్డో డావిన్సీ దాన్ని వివరించాడు. 2013 జూలై 8న ఫ్రాన్స్‌లో తియెరీ లెగో అనే ఫొటోగ్రాఫర్ సరిగ్గా అమావాస్య ఘడియలోనే, పట్టపగలు, ప్రత్యేకమైన పరికరాలతో నెలవంకను ఫొటో తీశాడు. అది మీరు ప్రయత్నించకండి. సూర్యుడి పక్కన లెన్సులోంచి చూస్తే కన్ను పోతుంది. పొద్దు పూర్తిగా దిగాకే బైనాక్యులర్ తీయాలి. చీకటి పడ్డాక దిగాలి కనుక టార్చి ఉండాలి, ఇద్దరుగా వెళ్లాలి, ఇంట్లో చెప్పి వెళ్లాలి.

ఇప్పుడు ఎందుకు అన్న మాట. లంబసింగి, వంజంగి మంచు ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. చాలా ఫొటోల కింద వ్యూ పాయింట్ అని ఉంటుంది, ఆ కొండను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏమని పిలుస్తారో ఉండదు. మన కొండల్లో ప్రతి గుట్టకూ పేరుంది. ఆ పేర్లలో చాలా వరకు ఏ మ్యాపులోనూ లేవు, పెద్దల నోట్లోనే ఉన్నాయి. చైత్రంలో ఇటుకల పండుగ చేసుకునే మన్యం ఊళ్లలో, కొర్ర కొత్త, మామిడి కొత్త చేసుకునే ఇళ్లలో, రోజులు ఎలా లెక్కపెట్టేవారో చెప్పగల తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లతో పాటే ఆ లెక్కలు పోకూడదు.

కాబట్టి ఫొటో తీశాక ఇంటికి తీసుకెళ్లి చూపించండి. ఈ కొండ పేరేమిటి, పొద్దు ఇక్కడికి వస్తే ఏ పని మొదలెట్టేవారు, ఈ నెలను మన భాషలో ఏమంటారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఫొటో కింద రాయండి. ఊరు, తేదీ, సమయం, చెప్పినవాళ్ల వయసు వేయండి. వాళ్ల పేరు, ఫొటో పెట్టాలంటే వాళ్లను అడిగి పెట్టండి. థింసా ఆడుతుంటే అడక్కుండా కెమెరా పెట్టేవాళ్లను చూసి మనకు మండుతుంది కదా, మనం కూడా అలా చేయకూడదు.

రాబోయే అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకోండి. దాని తర్వాత రెండో సాయంత్రం ఫోన్‌లో ఛార్జింగ్ ఉంచుకుని, ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని పడమటి వైపు నిలబడండి. మబ్బు పడితే మర్నాడు మళ్లీ వెళ్లండి. తీసిన ఫొటోలు, రాసిన పేర్లు ఊరి వారీగా ఒకచోట చేర్చుకుందాం.