స్టీరింగు కింద తెగిన రిబ్బను

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోతే కొందరు మెకానిక్‌లు "ఏం కాదన్నా, సెన్సారు ప్రాబ్లం, నడుపుకో" అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ దీపం వెలుగుతూనే ఉందంటే, గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదని అర్థం. పెబ్బేరు దగ్గర 44వ నంబరు హైవే మీద వందలో పోయే బండికి అది చిన్న విషయమా?

మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు బ్యాగు 2019 జూలై 1 నుంచి తప్పనిసరి. కాబట్టి చిన్న కార్లలో కూడా స్టీరింగు కింద క్లాక్ స్ప్రింగ్ ఉంటుంది. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి. స్టీరింగు తిరుగుతుంది, బండి వైరింగు తిరగదు. మామూలు వైరు వేస్తే మెలిపడి తెగుతుంది. అందుకే ప్లాస్టిక్ డబ్బీలో పలుచని రిబ్బను వైరును చుట్టలుగా పెడతారు. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు ఆ చుట్ట సరిగ్గా మధ్యలో ఉండాలి. మొన్న ఒక బండి వచ్చింది. స్టీరింగు ర్యాకు పని చేయించాక దీపం వెలిగింది, హారను మూగబోయింది. కంప్యూటరు పోయింది, మార్చాల్సిందే అన్నారట! రెండూ ఒకేసారి పోతే, రెండూ కలిసే చోటు ఎక్కడో చూడొద్దా? హారను వైరు, బ్యాగు వైరు రెండూ ఆ రిబ్బనులోంచే పోతాయి. డబ్బీ విప్పితే రిబ్బను అంచు చిరిగి, లోపలి రాగి మెరుస్తూ కనిపించింది. ర్యాకు దింపినప్పుడు స్టీరింగును కట్టిపెట్టలేదు, అది ఇష్టమొచ్చినట్టు తిరిగింది. మధ్యకు తేకుండానే బిగించేశారు.

ఇంకో ఘనకార్యం, బ్యాగు బదులు రెసిస్టరు పెట్టి దీపం ఆర్పేయడం. బ్యాగును రాజేసే తీగ నిరోధం సుమారు 2 ఓములు. పరీక్షకు అంతే రెసిస్టరు పెట్టి చూస్తాం. ఫాల్టు కోడు పోతే లోపం బ్యాగులో, పోకపోతే వైరింగులోనో కంట్రోల్ యూనిట్‌లోనో. చూసి తీసేయాలి. అట్లే వదిలేసి డబ్బులు తీసుకునేవాడు ప్రాణాలతో ఆడుకుంటున్నాడు.

టైము లేదు, గబగబా చెప్తాను. బ్యాగుంది కదా బెల్టెందుకు అనకండి, బెల్టు పెట్టుకున్న మనిషి కోసమే బ్యాగును తయారుచేశారు. దీపం ఆరకపోతే ముందు సీటు కింద పసుపు కనెక్టరు చూడమనండి, సీటు జరిపి జరిపి అది వదులవుతుంది. బ్యాగు వైరింగును ముట్టే ముందు బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి, కెపాసిటరులో కరెంటు ఉంటుంది. బ్యాగుకు నేరుగా మల్టీమీటరు పెట్టొద్దు. పాత కారు కొనేవాళ్లు తాళం తిప్పగానే దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుందా చూడండి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకి ఉంటారు, ఆ బండికి అడ్వాన్సు ఇవ్వకండి.