ఇంటికొక గడియ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు తెరచి యుండుట సామాన్య విషయము కాదు. ఈ శుభదినమున కుటుంబ బంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రంథాలయమునకును కుటుంబమునకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. ఆ సంబంధమును చూపుటయే నా ఉద్దేశము.

మన నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పంటలు ఇంటిల్లిపాదికిని పని కల్పించును. ప్రత్తి ఒక్కసారిగా విచ్చునది కాదు. తీత వెంట తీత తీయవలెను. మిరపకాయను కల్లమున ఆరబోయుట, తిరుగవేయుట, తాలుకాయ ఏరుట, రాత్రి కావలి యుండుట ఒక్కరివలన నగు పనులు కావు. కావున మనమందరము కలిసియే యున్నామని తలంతుము. కాని కలిసి పనిచేయుట వేరు, కలిసి కూర్చుండుట వేరు. తెల్లవారక మునుపే చేనికి పోయిన తండ్రి చీకటి పడిన పిమ్మట వచ్చి, ఒంటరిగా భుజించి పరుండును. బిడ్డలు చదువులోనో, చేతిలోని సెల్‌ఫోనులోనో మునిగియుందురు. తల్లి అందరికిని వడ్డించి, కడపట మిగిలినది తినును. ఒకే కప్పు క్రింద నలుగురుండియు ఒకరి మనసు నొకరెరుగరు.

ఇందువలన కలుగు నష్టము స్వల్పము కాదు. 1997–98లో ప్రత్తి పంట దెబ్బతిన్నప్పుడు, వరంగల్లు ప్రాంతమునందువలెనే మన గుంటూరు ప్రాంతమునను అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనిరి. అటుపిమ్మటను అట్టి వార్తలు వినుచునే యున్నాము. వానయు, ధరయు, వడ్డీయు మన చేతిలోనివి కావు. వానికై ప్రభుత్వమును, పరపతి సంఘములును చేయవలసిన పని చాల గలదు. ఇంట కలిసి భుజించినంత మాత్రమున అప్పు తీరదు. కాని అప్పును ఒంటరిగా మోయు బరువు తగ్గును. అప్పిచ్చినవాడు గుమ్మమెక్కు నంతవరకు బాకీ సంగతి ఇల్లాలికి తెలియని ఇండ్లు మన పల్లెలలో లేవా? మనసు విప్పుటకు దినమున కొక వేళ యున్న ఇంట ఆ మాట ఏదో ఒక రాత్రి బయటికి వచ్చును. బయటపడిన కష్టమునకు ఉపాయము వెదకువారు నలుగురగుదురు.

ఈ సత్యమును మన భారతము ఎన్నడో చెప్పినది. 14వ శతాబ్దమున అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ, అరణ్యపర్వమున మిగిలిపోయిన భాగమును పూరించెను. ఈ మైదానముననే వెలసిన ఆ కథ యేమి? జూదమున సర్వస్వమును కోల్పోయిన ఒక కుటుంబపు కథ. ఓడినవాడు ఇంటికి పెద్దవాడే. తమ్ములు కోపించిరి, ద్రౌపది నిష్ఠురములాడినది. అయినను పండ్రెండేండ్లు ఒకరి నొకరు విడువలేదు. దుఃఖమున నున్న ధర్మరాజునకు మార్కండేయుడు రాముని కథయు, సావిత్రి కథయు వినిపించెను. రాజ్యము పోయినవారు కూర్చుండి కథలు వినిరి, ధైర్యము తెచ్చుకొనిరి. మన తాతల నాటి పురాణ కాలక్షేపములు చేసిన మేలును ఇదియే.

దైవభక్తి ఇందు చేయు సాయమేమి? మహాశివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు తరలునపుడు భక్తులు “చేదుకో కోటయ్యా” యని పిలుతురు. బావినుండి నీరు చేదినట్లు తమ్ము పైకి చేదుకొమ్మని ఆ పిలుపు. దేవుని యెదుట ఇంటి యజమానియు చేయి చాచువాడే. అచ్చట తలవంచిన వానికి, “నాకు కష్టము వచ్చినది” యని భార్యాబిడ్డలతో చెప్పుకొనుట నామోషీ కాదు. ఉదయము పోట్లాడుకొన్న అన్నదమ్ములు సాయంకాలము ఒకే దీపము ముందు ప్రక్క ప్రక్కనే నిలువవలసియుండును. ఇది ఒక మతమువారి సొత్తు కాదు. 1842లో హేయరు దొర గుంటూరునకు వచ్చినది మొదలు ఈ సీమలో పెరిగిన క్రైస్తవ కుటుంబములు ఇంట కూడి ప్రార్థన చేయుట మనమెరిగినదే. రంజాను మాసమున సాయంకాలము ముస్లిము సోదరుల ఇండ్లలో అందరును ఒక్కచోట కూర్చుండి ఉపవాసము విడుతురు. పండుగలు ఏటికొకసారి వచ్చును. బంధము నిలుచునది నిత్యకృత్యము వలననే.

కావున నేను కోరునది స్వల్పము. దినమునకు అరువది గడియలు. గడియ యనగా 24 నిమిషములు. అందొక్క గడియను ఇంటి కిండు. దీపము పెట్టిన తరువాత ఇంటిల్లిపాదియు కలిసి భుజింపుడు. వడ్డించు తల్లియు పంక్తిలోనే కూర్చుండవలెను. తమ తమ మతము ననుసరించి రెండు నిమిషములు దైవమును స్మరింపుడు. పిదప బిడ్డలలో నొకరు ఒక పుట చదువగా, చదువురాని అవ్వయు వినవలెను. అటుపిమ్మట ఆనాటి లాభనష్టములు చెప్పుకొనుడు. ఆ గడియలో మాత్రము ఎవరిని ఎవరును దెప్పరాదు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న బిడ్డలు ఆ వేళకు ఫోనులో పలికినను చాలును.

ఆ పుటను సమకూర్చునది ఈ గ్రంథాలయము. 1935లో పెదవడ్లపూడి నుండి పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి, కాలువ వెంట కొల్లూరు దాక ఊరూరికిని పంపిరి. పుస్తకము జనుల వాకిటికి పోవలెనని ఆ మహనీయుని ఆశయము. మనకు పడవ అక్కరలేదు. వీధి చివరనే గ్రంథాలయమున్నది. ఇంటికి తిరిగి వచ్చునపుడు ఒక పుస్తకము చేతబట్టుకొని రండు. అది బీరువాలో నుండక, రాత్రి మీ ఇంటి నడుమ తెరచి యుండుగాక!

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.