గ్యాస్ గీజర్ - వెలిగే తీరు, వెలగని కారణాలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, చలికాలం ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. చలిదేశాలలో ఇల్లంతా వెచ్చబెట్టే పొయ్యిలుంటాయి. మనకు కావలసింది స్నానానికి వేడినీళ్ళు. అందుకే కరెంటు లేకున్నా పనిచేసే గ్యాస్ గీజర్ చాలా ఇళ్ళలోకి వచ్చింది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నల్లా తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి ఒక చిన్న స్విచ్చిని నొక్కుతుంది. రెండు పెద్ద సెల్లుల బలంతో టిక్ టిక్ మని నిప్పురవ్వలు వస్తాయి, గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. మంట పక్కనున్న సన్నని కడ్డీ దానిని కనిపెడుతుంది. మంట లేకుంటే కొన్ని క్షణాలలో గ్యాస్ ఆగిపోతుంది.

ఇక సాధారణంగా వచ్చే ఇబ్బందులు. టిక్ టిక్ శబ్దమే రాకుంటే సెల్లులు అయిపోయి ఉండవచ్చు. లేదా నీటి ట్యాంకు ఎత్తు చాలక, జాలీలో ఇసుక చేరి ఒత్తిడి తగ్గి ఉండవచ్చు. శబ్దం వచ్చీ మంట రాకుంటే సిలిండరు, రెగ్యులేటరు చూడండి. సెల్లులు నీరసించినా ఇట్లాగే జరుగుతుంది. వెలిగి వెంటనే ఆరిపోతే కడ్డీకి మసి పట్టిందేమో మెకానిక్ చేత చూపించండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం స్విచ్చులు ముట్టక, సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

అయితే మిత్రులారా, వెలగని గీజర్ కన్నా మూసిన స్నానాల గదిలో చక్కగా వెలిగే గీజరే ప్రమాదకరం. గదిలోని ప్రాణవాయువును మంట తినేస్తుంది. గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వంటగ్యాసుకు వాసన కలుపుతారు గనుక పసిగట్టగలం. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. ఇది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, కాళ్ళలో సత్తువ పోవడం దీని లక్షణాలు. గడియ తీయాలనుకున్నా చెయ్యి లేవదు.

బొగ్గుగనులలో పనిచేసిన మన సోదరులకు ఈ వాయువు కొత్త కాదు. బ్రిటన్ గనులలో దీనిని కనిపెట్టడానికి 1986 వరకు పంజరంలో పిట్టను వెంట తీసుకెళ్ళేవారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా పుట్టేది ఇదే.

కాబట్టి గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే చోట బిగించి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి తెప్పించండి. ఇప్పటికే లోపల ఉంటే, తలుపు తెరిచి బకెట్లు నింపి, గీజర్ ఆపి, గాలి ఆడనిచ్చిన తరువాతనే స్నానానికి వెళ్ళండి. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా మారితే వాడకం ఆపి మెకానిక్‌ను పిలిపించండి. పెద్దవారు లోపల గడియ పెట్టుకోవద్దు. ఇంట్లోవారు అప్పుడప్పుడు పలకరించాలి. పలుకు రాకుంటే తలుపు తెరిచి, గ్యాస్ కట్టేసి, మనిషిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయాలి.

ఇంటికి వెళ్ళగానే మీ గీజర్ ఎక్కడ బిగించి ఉందో ఒక్కసారి చూడవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.